ఫ్లాట్‌బెడ్ లారీకి పోవు కుర్రవాడు కంపెనీని ఎట్లు ఎన్నుకొనవలెను?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున దుర్గాపూర్‌లో జరిగిన తల్లిదండ్రుల సభలో మా సంఘము పక్షమున చదివిన ప్రసంగము)



వార్షికోత్సవ సభలలో విద్య యొక్క ప్రాశస్త్యమును గూర్చియు, మాతృభాషాభిమానమును గూర్చియు మాట్లాడుట ఆచారము. ఈ యేడు మేము లారీలను గూర్చి మాట్లాడదలచితిమి. ఈ మాట విని కొందరు నవ్వుకొనవచ్చును. కాని మన రోడ్డు ప్రక్కన ఒక గంటసేపు నిలిచి చూచినవారికి నవ్వు రాదు. గని నుండి వచ్చు బొగ్గు టిప్పర్లు, సిమెంటు కార్ఖానాలకు పోవు బల్కర్లు, ఇనుప సామగ్రియు యంత్రములును మోయు పొడుగు ట్రెయిలర్లు రేయింబవళ్ళు సాగుచునే యుండును. మన పిల్లలు వీనిని చూచుచు పెరుగుచున్నారు. చదువు ముగిసిన పిమ్మట వారిలో కొందరు వీని స్టీరింగు పట్టుటకే పోవుచున్నారు. ఎచట చేరవలెనో వారికి చెప్పువారు లేరు.

మన పెద్దలు ఈ ప్రాంతమునకు వచ్చిన నాటి స్థితి వేరు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాలో నుండెను. కావున వార్ధా నది కావల నుండి యీవలకు తెలుగువాడు వచ్చుట పరదేశమునకు పోవుటవలె నుండెడిది కాదు. కరీంనగరము నుండి, ఆదిలాబాదు నుండి వచ్చినవారు బొగ్గుగనులలోను, బల్లార్‌పూర్ కాగితపు మిల్లులోను పనిచేసిరి. 1973లో బొగ్గుగనులు జాతీయమైనవి. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ఏర్పడినది. గనిలో పేరెక్కినవానికి జీతము, సెలవు, వైద్యము, పింఛను అన్నియు కాగితముమీద నుండెడివి. తండ్రి ఏ కంపెనీలో చేరవలెనని విచారించవలసిన యవసరము లేకపోయెను. కొడుకునకు ఆ యవసరము వచ్చినది. లారీ కొలువున ఒక్కొక్క యజమానిది ఒక్కొక్క పద్ధతి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొని పిమ్మట సలహాలు చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మన బడిలో చదివిన కుర్రవాడొకడు మా సంఘపు కార్యాలయమునకు వచ్చెను. హెవీ లైసెన్సు చేతికి వచ్చినది. ఒక రవాణా సంస్థ ట్రెయిలరుమీద తీసికొనుటకు ఒప్పుకొన్నది. నలుబది వేల రూపాయలు అడ్వాన్సు ఇచ్చెదమన్నది. సాక్షి సంతకము కావలెను. మేము కుర్రవానిని అడిగినది ఒకే ప్రశ్న: ‘జీతమెంత?’ అతడు చెప్పిన అంకె మాకు బాగుగ తోచెను. మాలో ఒకరు సంతకము చేసిరి. కాగితము మరాఠీలో నున్నది, పూర్తిగా చదువలేదు.

రెండవ నెలలో అతనిని ఇనుపరేకు చుట్ట, అనగా డ్రైవర్లు కాయిల్ అనునది, ఎక్కించి పంపిరి. బెల్టు ఒకటి అంచున చినిగియున్నదని అతడు చెప్పెను. ‘అడ్వాన్సు తీసికొన్నావుగదా, పో’ అని జవాబు వచ్చెను. దారిలో ఎదుట పశువు అడ్డమువచ్చి గట్టిగా బ్రేకు వేయగా, చుట్ట ముందుకు దొర్లి క్యాబిను వెనుక రక్షణగోడను గ్రుద్దెను. భగవంతుని దయవలన ప్రాణము దక్కినది, కాలు విరిగినది. అతడు మంచము పట్టియుండగా ఆ సంస్థవారు అడ్వాన్సు తిరిగి యిమ్మని కాగితము చూపిరి. ఆ కాగితముపై నున్నది మా సంతకము. ఆ నాటి నుండి, ‘జీతమెంత?’ అనునది మొదటి ప్రశ్న కాదని మేము గ్రహించితిమి. ‘చాలని కట్టుతో నేను బండి కదలింపనని చెప్పు స్వేచ్ఛ ఈ కంపెనీలో కొత్త డ్రైవరునకు ఉన్నదా?’ అనునదే మొదటి ప్రశ్న. మిగిలిన ప్రశ్నలన్నియు దీని శాఖలే.

ఫ్లాట్‌బెడ్ అనగా ప్రక్కగోడలు గాని పైకప్పు గాని లేని చదునైన ట్రెయిలరు. టిప్పరులో బొగ్గు తొట్టిలో నుండును. బల్కరులో సిమెంటు పీపాలో నుండును. కంటెయినరుకు నాలుగు గోడలున్నవి. ఫ్లాట్‌బెడ్‌పై సరుకును నిలిపియుంచునది కట్టు మాత్రమే. గొలుసు, బెల్టు, చెక్కదిమ్మ, క్రింద పరచిన రబ్బరు పట్టా — ఇవియే దాని గోడలు. ఆ గోడలను ప్రతి ప్రయాణమునకు కొత్తగా కట్టవలెను. తక్కిన లారీలకు నడుపుట వచ్చినచో చాలవరకు సరిపోవును. ఫ్లాట్‌బెడ్‌కు కట్టుట కూడ రావలెను.

ఎంత గట్టిగా కట్టవలెను? అమెరికా దేశపు నిబంధనలలో దీనికొక లెక్క యున్నది. ముందువైపు త్రోపునకు సరుకు బరువులో పదింట ఎనిమిది వంతుల బలమును, ప్రక్కలకును వెనుకకును సగము బలమును కట్టు ఆపగలిగియుండవలెను. అనగా 20 టన్నుల చుట్ట గట్టి బ్రేకునకు 16 టన్నుల బలముతో డ్రైవరు వీపు వైపునకు రాగలదని యెంచి కట్టవలెను. గొలుసులు, బెల్టుల పనిశక్తి మొత్తము కలిపి సరుకు బరువులో కనీసము సగముండవలెనని ఇంకొక నియమము. బయలుదేరిన మొదటి 50 మైళ్ళలో, అనగా మన లెక్కకు 80 కిలోమీటర్లలో, ఒకసారి దిగి కట్టు చూడవలెను. ఆపైన ప్రతి 150 మైళ్ళకు గాని, మూడు గంటలకు గాని, ఏది ముందు వచ్చిన దానికి మరల చూడవలెను. బండి కుదుపులకు సరుకు సర్దుకొనును. సర్దుకొన్న కొలది కట్టు వదులగును. నాగపూరు దారి పట్టిన మన కుర్రవాడు వరోరా చేరులోపల ఒకసారి దిగి గొలుసు తట్టి చూచుట మంచిదని మేము చెప్పుదుము. అమెరికా చట్టము ఇచట చెల్లదు గాని, ఇనుము బరువు ఏ దేశమునందైనను ఒకటే.

ఇక కంపెనీ యెంపికకు వచ్చెదము. దానికి ముందు వయస్సు మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండక మోటారు కారు నడుపరాదు. 20 ఏండ్లు నిండక రవాణా వాహనము నడుపరాదు. రవాణా వాహనమునకు లెర్నర్స్ లైసెన్సు పొందుటకు ముందు తేలిక వాహనపు లైసెన్సు కనీసము ఒక ఏడాది యుండవలెను. పదవ తరగతి ముగియగానే ఎవరైనను ‘బండి యిచ్చెదము, వయస్సు మేము చూచుకొందుము’ అనినచో ఆ కంపెనీని గూర్చి ఇక విచారింపనక్కరలేదు. రవాణా లైసెన్సునకు ఎనిమిదవ తరగతి చదువు ఉండవలెనను నియమమును 2019లో తీసివేసిరి. నియమము పోయినది గాని చదువుతో పని పోలేదు. బరువు చీటీ, బిల్టీ, బీమా పత్రము, అడ్వాన్సు కాగితము చదువవలసినవాడు డ్రైవరే గదా.

మొదటి ప్రశ్న: కట్టుట ఎవరు నేర్పుదురు? ‘ఎక్కించుచోట కూలీలు కట్టుదురు, నీవు నడుపుట చాలు’ అని జవాబు వచ్చినచో అది మంచి సూచన కాదు. కూలీ కట్టి ఇంటికి పోవును. దారిలో ఆ కట్టుతో పోవువాడు డ్రైవరు. అనుభవము గల డ్రైవరు ప్రక్కన కూర్చుండబెట్టి ఎన్ని ట్రిప్పులు త్రిప్పుదురో అడుగవలెను. చుట్ట, గొట్టము, ఇనుపపలక, యంత్రము — వీనిలో ఒక్కొక్కదాని కట్టు వేరు. గొట్టము దొర్లును, పలక జారును, ఇనుముపై ఇనుము సులభముగ జారును గనుక నడుమ కొయ్య గాని రబ్బరు గాని వేయుదురు, యంత్రము ఎత్తుగా నుండి మలుపున ఒరుగును. మొదటి నెలలోనే చుట్ట ఎక్కించి ఒంటరిగా పంపు కంపెనీ కన్న, మొదట తేలిక సరుకుతో దగ్గరి దారులలో త్రిప్పు కంపెనీ వెయ్యి రూపాయలు తక్కువ ఇచ్చినను మేలు.

రెండవ ప్రశ్న: కట్టు సామాను ఎవరిది? కొన్నిచోట్ల గొలుసులు, బెల్టులు డ్రైవరే కొనుక్కొనవలెనందురు. చినిగినచో జీతములో కోయుదురు. అట్టిచోట చినిగిన బెల్టును డ్రైవరు దాచును గాని మార్చడు. అది అతని దోషము కాదు, ఆ పద్ధతి దోషము. చేరుటకు ముందు ఒకసారి యార్డునకు పోయి నిలిచియున్న రెండు బండ్లను చూడుడు. బెల్టుల అంచులు పీచు లేచియున్నవా? గొలుసు కొంకులు సాగియున్నవా? పదునైన అంచులవద్ద బెల్టు తెగకుండ పెట్టు మూల దిమ్మలున్నవా? క్యాబిను వెనుక రక్షణగోడ యున్నదా? టైర్లు అరిగియున్నవా? యజమాని నోటి కన్న యార్డు ఎక్కువ నిజము చెప్పును.

మూడవ ప్రశ్న: బరువు ఎక్కువైనచో ఎవరు బాధ్యులు? 2019 సవరణ తరువాతి చట్టము ప్రకారము పరిమితికి మించి బరువు వేసినచో 20,000 రూపాయలును, ఎక్కువైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును జరిమానా. తూకమునకు ఆపక పోయినచో డ్రైవరునకు 40,000 రూపాయలు. సరుకు ప్రక్కలకు గాని, ముందు వెనుకలకు గాని, పైకి గాని హద్దు మించి పొడుచుకొని వచ్చినను 20,000 రూపాయలు. వెనుకకు పొడుచుకొని వచ్చు ఇనుప కడ్డీలు వెనుక వచ్చువారి ప్రాణములు తీయుచుండగా, 2014లో ఆ సడలింపును తొలగించిరి. ఇచట ఒక సంగతి మీరు గుర్తుంచుకొనవలెను. అధిక భారము మోసిన బండి డ్రైవరు దాని యజమాని కానిచో, ఆ నేరము యజమానికి తెలిసియే, లేక యజమాని యాజ్ఞవలననే జరిగినదని న్యాయస్థానము భావింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. కావున ‘చలానా డ్రైవరు కట్టుకొనవలెను’ అని ముందే చెప్పు కంపెనీ తన భారమును మీ పిల్లవాని భుజముపై నెక్కించుచున్నదని యెరుగుడు.

నాలుగవ ప్రశ్న: డబ్బు ఏ రీతిగా వచ్చును? నెల జీతమా, కిలోమీటరు లెక్కా, ట్రిప్పు లెక్కా? బత్తా వేరుగా నిత్తురా? ఎక్కించుచోటను దించుచోటను రెండు దినములు నిలిచిపోయినచో ఆ దినములకేమి? ఫ్లాట్‌బెడ్‌కు ఈ చివరి ప్రశ్న ముఖ్యమైనది; క్రేను రాక, వాన వచ్చి, టార్పాలిను కప్పి, కట్టి, విప్పి, గంటలు గడచును. కిలోమీటరునకే డబ్బు వచ్చు పద్ధతిలో కట్టుటకు పట్టు సమయము డ్రైవరునకు నష్టముగ తోచును. కట్టు తొందరగా ముగించును. టోలునకు ఇప్పుడు ఫాస్టాగ్ వచ్చినది గనుక ఆ ఖర్చు కంపెనీ ఖాతా నుండియే పోవును. దానిని డ్రైవరు లెక్కలో వేయుచున్నారేమో చూచుకొనవలెను.

అడ్వాన్సును గూర్చి మా మాట గట్టిగా నుండును. పెండ్లికో, వైద్యమునకో అవసరమైనచో బ్యాంకునో బంధువునో అడుగుడు. చేరుచున్న కొత్త కొలువు నుండి తీసికొనకుడు. అప్పును చూపి మనిషిని పనికి కట్టివేయు పద్ధతిని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నిషేధించినది. అయినను అడ్వాన్సు తీసికొన్న కుర్రవాని నోట ‘పోను’ అను మాట రాదు. అసలు లైసెన్సును తమవద్ద నుంచుకొందుమను కంపెనీవారి మాటయు ఇట్టిదే. లైసెన్సు డ్రైవరు జేబులో నుండవలసినది. యజమాని బీరువాలో కాదు.

ఐదవ ప్రశ్న: నిద్ర ఎప్పుడు? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు పెట్టెను. దూరపు దారులలో 10 గంటల వరకు, వారమునకు 54 వరకు సడలింపు నిచ్చెను. ఆ చట్టము 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో కలిసిపోయినది. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. చట్టములో నున్నది రోడ్డుపై కనబడదని మీరందురు. నిజమే. అందుచేతనే అడుగవలెను: హైదరాబాదు ట్రిప్పునకు ఒక డ్రైవరా, ఇద్దరా? తెల్లవారుజామున కన్ను మూతపడినచో బండి ప్రక్కకు నిలుపవచ్చునా, లేక ఆఫీసు నుండి జీపీఎస్ చూచి ఫోను వచ్చునా? 2025 అక్టోబరు 1 నుండి తయారగు పెద్ద సరుకు లారీల క్యాబినులో ఏసీ యుండవలెనని నియమము. చంద్రపూర్ వేసవి ఎరిగిన మనకు ఇది విలాసముగ తోచదు. పాత బండ్లకు ఈ నియమము వర్తింపదు గనుక ఏ బండి ఇచ్చెదరో అడుగుట మంచిది.

ఆరవ ప్రశ్న: కాగితము ఏమిత్తురు? నియామక పత్రము ఇచ్చుట యజమాని విధియని పైన చెప్పిన స్మృతి చెప్పుచున్నది. ప్రావిడెంటు ఫండు ఉన్నదా? బండి బీమాలో జీతపు డ్రైవరునకు రక్షణ యున్నదా? ఇతరుల సరుకును కిరాయికి చేరవేయు సంస్థలు 2007 నాటి రోడ్డు రవాణా చట్టము క్రింద రిజిస్టరు చేసికొనవలెను, చేసికొన్నారా? ఈ ప్రశ్నలకు కోపగించువారి వద్ద చేరకుడు. కాగితము మరాఠీలో నున్నచో మరాఠీ చదివినవారిచేత, ఆంగ్లములో నున్నచో ఆంగ్లము చదివినవారిచేత చదివించి, తెలుగులో అర్థము చెప్పించుకొని, ఒక దినము ఇంట నుంచుకొని పిమ్మట సంతకము చేయుడు. ‘ఇప్పుడే చేయుము, లేనిచో వేరొకడున్నాడు’ అనినచో ఆ వేరొకనికే విడువుడు.

పెద్ద కంపెనీయా, చిన్న కంపెనీయా అని మమ్ము చాలమంది అడుగుచున్నారు. మూడు బండ్లు గల యజమాని, తాను ఒకప్పుడు డ్రైవరైనవాడు, కట్టు తానే చూచి పంపువాడు, మూడువందల బండ్ల కంపెనీ కన్న మేలు కావచ్చును. పెద్ద కంపెనీలో శిక్షణ, బీమా, జీతపు చీటీ క్రమముగ నుండవచ్చును. చిన్నచోట అవి లేకపోవచ్చును. కావున పేరునుబట్టి గాక జవాబులనుబట్టి తూచుడు. అచట పనిచేయుచున్న ఇద్దరు డ్రైవర్లను, అచట మానివేసిన ఒక్కనిని టీ అంగడివద్ద పట్టుకొని అడుగుడు. ‘కట్టు బాగులేదని నీవు ఎప్పుడైన బండి ఆపితివా? ఆపినప్పుడు ఏమైనది?’ ఈ రెండు ప్రశ్నలకు వచ్చు జవాబు కంపెనీ గుణమును చెప్పును.

ఇది చదువుకొన్న పిల్లలకు తగిన వృత్తి కాదని కొందరు తల్లులు బాధపడుట మేమెరుగుదుము. మేము అట్లు అనుకొనుట లేదు. ఇరువది టన్నుల ఇనుమును ఎవరికిని హాని లేకుండ ఐదువందల కిలోమీటర్లు చేర్చినవాడు గొప్ప పనియే చేసినాడు. ఆ పనికి లెక్క రావలెను, మూడు భాషలలో చదువు రావలెను, పెద్దవానియెదుట మర్యాదగా కాదని చెప్పు ధైర్యము రావలెను. బడిలో మనము నేర్పదలచినవియు ఇవియే గదా.

మా సంఘము పక్షమున ఒక మాట యిచ్చుచున్నాము. ఇకమీదట ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు వినక మాలో ఎవరును ఏ కుర్రవాని కాగితముపైనను సాక్షి సంతకము చేయము. కాగితము చదివి అర్థము చెప్పించుకొనగోరువారు ఆదివారము ఉదయము మా కార్యాలయమునకు రావచ్చును. మరాఠీ తెలిసిన ఉపాధ్యాయులొకరు అచట నుందురు. అడ్వాన్సు కాగితమైనచో తప్పక తీసికొని రండు.

కాలు విరిగిన ఆ కుర్రవాడు ఇప్పుడు నడచుచున్నాడు. వేరొక యజమాని వద్ద మరల ట్రెయిలరు నడుపుచున్నాడు. ఈ ప్రసంగమును ముందుగా అతనికి చదివి వినిపించితిమి. విని, ఒక మాట చేర్చుమని కోరెను. కొడుకు దారిలో నుండగా తల్లిదండ్రులు ఫోను చేసి, ‘ఎప్పుడు వచ్చెదవు?’ అని అడుగుదురట. ఆ ప్రశ్న వినినచో డ్రైవరునకు వేగము పెంచవలెనని తోచునట. ‘దానికి మారుగా, దిగి కట్టు చూచుకొంటివా అని అడుగుమనండి’ అని అతడు చెప్పెను. అతని మాటగా మీకు అందజేసి, సెలవు తీసికొనుచున్నాము.